గుఱ్ఱపు కన్ను

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆనుకొని తార్నాక యను పేట కలదు. పూర్వమచ్చట ఒక తోటకు తీగె కంచె వేసి కావలివారి నుంచిరనియు, ‘తార్’ అనగా తీగె, ‘నాకా’ అనగా కావలిచోటు గనుక ఆ పేరు కలిగెననియు చెప్పుదురు. పెండ్లిండ్ల దినములలో సాయంకాలవేళ నగరమునందలి ఇట్టి పేటలలో నడచువారికి ఊరేగింపులు ఎదురగుచుండును. ముందు మేళగాండ్రు, వారి వెనుక దీపముల వరుసలు, నడుమ తెల్లని గుఱ్ఱముపై వరుడు. బాలురు గుఱ్ఱముయొక్క జరీ వస్త్రమును, మెడలోని పూసల పేరులను, నుదుటి కుచ్చులను చూచి సంతసింతురు. దాని కన్నును చూచువారు మాత్రమరుదు. ఆ కంటికి ఎదుట దీపములు మిఱుమిట్లు గొల్పుచుండును. ప్రక్కన బాణసంచా పేలుచుండును. రెప్పలపై ఈగలు ముసరుచుండును. అయినను ఆ గుఱ్ఱము కదలక నిలుచును. దానికి నొప్పి కలిగినచో చెప్పుటకు మాట లేదు. చెప్పవలసినదంతయు కన్నే చెప్పవలెను. ఆ భాషను తెలిసికొనుట గుఱ్ఱమును పోషించువానికి మొదటి విద్య.

హైదరాబాదునకు గుఱ్ఱము క్రొత్తది కాదు. తార్నాకకు చేరువనున్న మౌలాలీలో 1868లో గుఱ్ఱపు పందెములు మొదలైనవి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున 1886లో అవి మలక్‌పేటకు మార్పబడెను. మోటారు బండ్లు ప్రబలక పూర్వము జట్కాబండి సామాన్యుని వాహనముగా నుండెడిది. నగర పోలీసు శాఖకు అశ్వదళము కలదు. పశువైద్యులను తీర్చిదిద్దుటకై 1946లో ప్రారంభమైన కళాశాల రాజేంద్రనగరమున పనిచేయుచున్నది.

అశ్వములను గూర్చిన విద్య మన దేశమున ప్రాచీనమైనది. శాలిహోత్రుని పేర వెలసిన శాస్త్రము సంస్కృతమున ప్రసిద్ధము. తెలుగున మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసము’ అను గ్రంథమును రచించెను. పదమూడవ శతాబ్దమున దక్షిణదేశపు తీరమును దర్శించిన మార్కోపోలో, అరబ్బు దేశమునుండి ఓడలలో ప్రతి సంవత్సరము వేలకొలది గుఱ్ఱములు దిగుమతి యగుచున్నను, వానిని పెంచు తీరు తెలియనందున అనేకములు చచ్చుచున్నవని వ్రాసెను. గుఱ్ఱమును కొనుటకు ధనము చాలును. నిలుపుకొనుటకు జ్ఞానము కావలెను.

ఇక కంటి నిర్మాణమును పరిశీలింతము. భూమిపై తిరుగు పాలిచ్చు జంతువులలో మిక్కిలి పెద్ద కన్నులు గలవానిలో గుఱ్ఱమొకటి. దేహమున ఎంతో పెద్దదైన ఏనుగు కన్ను కూడ దీని కంటికంటె చిన్నది. మనుష్యుని కనుగ్రుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల వ్యాసము గలది; గుఱ్ఱపు కనుగ్రుడ్డు 40 మిల్లీమీటర్లను మించును. ఆ కన్నులు ముఖమునకు ముందు గాక ఇరుప్రక్కల అమరియున్నవి. అందుచేత గుఱ్ఱము తల త్రిప్పకయే తన చుట్టును దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. మనుష్యునకు చూపు 180 డిగ్రీలకు కొంచెము అటునిటుగా మాత్రమే. గడ్డి మేయుచు క్రూరమృగములకు భయపడుచు మైదానములలో బ్రతికిన జాతికి ఈ ఏర్పాటు ప్రాణరక్షణమైనది.

అయినను దానికి కనుపించని చోటులు రెండు కలవు. ఒకటి సరిగా తోక వెనుక. రెండవది నుదుటికి, ముక్కునకు ఎదుట అతి సమీపమున. వెనుకనుండి చప్పుడు చేయక వచ్చి తాకినవానిని గుఱ్ఱము తన్నునది పగచేత కాదు, భయముచేత. కావున అనుభవజ్ఞుడు ఎల్లప్పుడు దాని భుజము ప్రక్కనుండి, మాటలాడుచు సమీపించును.

గుఱ్ఱముయొక్క కంటిపాప మన పాపవలె గుండ్రనిది కాదు; అడ్డముగా సాగిన దీర్ఘాకారము గలది. ఎండ తీవ్రమైనపుడు అది సన్నని అడ్డుగీతవలె ముడుచుకొనును. పాప పై అంచున నల్లని చిన్న బుడిపెలు వ్రేలాడుచుండును. తెలియనివారు వానిని కంతులని భ్రమించి కలతచెందుదురు. అవి వ్యాధి కాదు. ఇంటి ముంగిట చూరువలె ఎండను ఆపు సహజమైన నీడలు. కంటి వెనుక భాగమున అద్దమువంటి పొర యొకటి కలదు. లోనికి వచ్చిన వెలుగును అది త్రిప్పికొట్టి రెటీనాకు మరల అందించును. రాత్రివేళ దీపకాంతిలో గుఱ్ఱపు కన్ను మెరయుటకు అదియే కారణము. మసక చీకటిలో గుఱ్ఱము మనకంటె బాగుగా చూచును. కాని ఎండలోనుండి చీకటిలోనికి హఠాత్తుగా పోయినచో దాని కన్ను అలవాటుపడుటకు మనకంటె ఎక్కువసేపు పట్టును. చీకటి కొట్టములోనికో, మూసిన లారీలోనికో ఎక్కించునపుడు గుఱ్ఱము మొరాయించుట మొండితనము కాదు. ఆ క్షణమున దానికి దారి కనుపింపదు.

చూపు స్పష్టతలో గుఱ్ఱము మనకంటె కొంత వెనుకబడినది. మనము 30 అడుగుల దూరమునుండి గుర్తింపగలిగిన దానిని అది 20 అడుగుల దూరమునకు వచ్చి గుర్తించును. రంగులలో నీలమును, పసుపును అది వేరుపరుపగలదు. ఎరుపునకు, ఆకుపచ్చకు గల భేదము దానికి తెలియదు. ఇంగ్లండు దేశపు పందెములలో గుఱ్ఱములు దుముకు అడ్డుకంచెలకు చిరకాలము నారింజరంగు వేసెడివారు. పచ్చికమధ్య ఆ రంగు గుఱ్ఱములకు స్పష్టముగా కనుపింపదని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు పరిశోధించి చెప్పగా, 2022 నుండి తెల్లరంగు వేయనారంభించిరి. మనుష్యుడు తన కంటితో లోకమును కొలుచుట మాని గుఱ్ఱపు కంటితో కొలిచినపుడే ఈ మార్పు సాధ్యమైనది.

కంటి రంగును గూర్చి జనులలో అపోహలు పెక్కు కలవు. అధికసంఖ్యాకములగు గుఱ్ఱములకు కన్నులు ముదురు గోధుమవన్నె కలవి. పుట్టిన పిల్లల కన్నులు కొన్ని తొలుత నీలిబూడిద ఛాయతో నుండి, నెలలు గడచినకొలది ముదురగును. కొన్నింటికి తేనెరంగు కన్నులుండును. మరికొన్నింటికి ఒక కన్ను గాని రెండు కన్నులు గాని నీలముగా నుండును. రాజస్థానమునందలి మార్వారీ జాతిలో ఇట్టివి అప్పుడప్పుడు కానవచ్చును. నీలికంటిలో నీలపు వర్ణద్రవ్యమేమియు లేదు. కంటిపాప చుట్టునున్న పొరలో గోధుమవన్నె ద్రవ్యము తక్కువైనపుడు, ఆకాశము నీలముగా తోచినట్లే, వెలుగు చెదరుటచేత ఆ కన్ను నీలముగా తోచును. నీలికన్ను గుఱ్ఱమునకు చూపు తక్కువయనుట సత్యము కాదు. దాని చూపు గోధుమకంటి చూపుతో సమానమైనదే.

అయితే జాగ్రత్తపడవలసిన విషయమొకటి కలదు. పంజాబు ప్రాంతమున ‘నుక్రా’ యని పేరొందిన తెల్లగుఱ్ఱములకు చర్మము గులాబివన్నెతో నుండును. వన్నె లేని అట్టి రెప్పలకు ఎండ తగిలినకొలది కమలుటయు, ఏండ్లు గడచిన పిదప పుండ్లు, పుట్టకురుపు కూడ కలుగుటయు సంభవము. కాబట్టి వానికి మధ్యాహ్నవేళ నీడ అవసరము. అమెరికా దేశపు అప్పలూసా యను మచ్చల గుఱ్ఱములలో కొన్నింటికి, మచ్చల వన్నెకు కారణమైన జన్యువుచేతనే పుట్టుకతో రేచీకటి సంక్రమించును. కంటి రంగును చూచి శుభాశుభములు నిర్ణయించుటకంటె, దాని రక్షణకు ఏమి కావలెనో నిర్ణయించుట మేలు.

కంటి జబ్బులలో మిక్కిలి భయంకరమైనది కంటి లోపల మాటిమాటికి వచ్చు వాపు. కన్ను ఎఱ్ఱబడి, నీరు కారి, వెలుగును సహింపక మూసికొనును. కొన్నాళ్ళకు తగ్గినట్లు కనుపించును. కొన్ని వారములకో నెలలకో మరల వచ్చును. ఈ రాకపోకలను చూచి పూర్వపు ఐరోపావారు ఇది చంద్రకళల ననుసరించి వచ్చునని తలచి ‘చంద్రాంధత్వము’ అని పేరుపెట్టిరి. నేటి విజ్ఞానము చంద్రునకు ఇందులో ప్రమేయము లేదని తేల్చెను. అనేక సందర్భములలో దీనికి మూలము లెప్టోస్పైరా యను సూక్ష్మక్రిమి. ఎలుకలు, పశువులు మొదలగువాని మూత్రముతో కలుషితమైన నీటిద్వారా అది గుఱ్ఱమును చేరును. పిదప దేహము తన కంటిపై తానే పోరాడుటచేత వాపు మరల మరల కలుగుచుండును. ప్రపంచమున గుఱ్ఱములు గ్రుడ్డివగుటకు ఇదియే ప్రధానకారణము.

ఒక నిరుపేద గుఱ్ఱము కాపరిని ఊహింతము. అతనికి ఒకే గుఱ్ఱము. పెండ్లిండ్ల కాలమున దానిపై వచ్చు బాడుగయే ఇంటిల్లిపాదికి ఆధారము. ఒకనాటి ఉదయమున ఎడమకన్ను సగము మూతపడి నీరు కారుచున్నది. ఆ రాత్రి ఊరేగింపునకు బయానా పుచ్చుకొనియున్నాడు. ‘ఈగ కుట్టినది, రేపటికి తగ్గును’ అని అతడు అనుకొనవచ్చును. మూడు నాళ్ళకు నిజముగనే తగ్గినట్లుండును. అతడు సంతోషించును. కాని లోపల వాపు మిగిల్చిన మచ్చ పాపను కటకమునకు అంటించివేసి యుండును. ఇట్లు మూడునాలుగు పర్యాయములు గడచునప్పటికి ఆ కన్ను వెలుగును కోల్పోవును. మొదటిదినమే వైద్యుని చేరియున్నచో ఒక రాత్రి బాడుగ పోయెడిది. చేరకపోవుటచేత ఒక కన్నే పోయినది. మూతపడిన కన్ను రేపటికి వాయిదా వేయదగిన జబ్బు కాదని గుఱ్ఱము గలవారందరు గుర్తుంచుకొనవలెను.

రెండవది మన దేశమున తరచుగ కనుపించు వింత జబ్బు. స్వచ్ఛమైన కంటి నీటిలో తెల్లని దారమువంటి పురుగు ఈదుచు కనుపించును. దీని పేరు సెటేరియా. ఇది సహజముగ పశువుల కడుపులో పేగుల చుట్టునున్న ఖాళీలో నివసించు పురుగు. దోమ ఒక పశువును కుట్టి, దాని రక్తముతోపాటు పురుగు పిల్లలను పుచ్చుకొని, పిదప గుఱ్ఱమును కుట్టినపుడు అవి గుఱ్ఱపు దేహమున ప్రవేశించును. అది వానికి తగిన ఇల్లు కాదు గనుక దారితప్పి తిరుగుచు, ఒక్కొక్కటి కంటిని చేరును. దీనిని దృష్టిదోషమని దిగదుడుపు తీసినందున ప్రయోజనము లేదు. పశువైద్యుడు మత్తుమందిచ్చి, కార్నియా యను పారదర్శకమైన పొర అంచున సూక్ష్మమైన రంధ్రము చేయును. లోని నీటితోపాటు పురుగు బయటికి వచ్చివేయును. ఆలసింపక చేసినచో చూపు నిలుచును.

మూడవది కార్నియాపై పుండు. ముల్లు, గడ్డిపరక, కొరడా కొన, గోడమేకు వీనిలో ఏది తగిలినను గీత పడును. ఆ గీతలో క్రిములు చేరినచో పుండగును. కంటికి కనుపించని గీతను కనుగొనుటకు వైద్యుడు ఫ్లోరెసీన్ అను నారింజరంగు మందును చుక్కగా వేయును. పొర చెడిన చోట అది అంటుకొని ఆకుపచ్చగా మెరయును. ఈ పరీక్షయొక్క ప్రాముఖ్యము గొప్పది. కంటిలోపలి వాపును తగ్గించు స్టిరాయిడు మందు, పైపొరలో పుండు ఉన్నపుడు వేసినచో కంటికి విషమగును. రెండు జబ్బులకును పై లక్షణములు ఒక్కటే: ఎఱ్ఱదనము, నీరు కారుట, రెప్ప మూయుట. కావుననే ఇంటిలో మిగిలియున్న మందుచుక్కలను గుఱ్ఱపు కంటిలో వేయరాదు. ఆకుపసరులు, పసుపు, సున్నము, పాలు పోయుట అంతకంటె హానికరము.

కంటిని వైద్యుడు రక్షించుట ఒక యెత్తు. ఆహారము రక్షించుట మఱియొక యెత్తు. మసక వెలుగులో చూచుటకు రెటీనాలో ఒక ప్రత్యేకమైన వర్ణద్రవ్యము కావలెను. అది తయారగుటకు ఏ-విటమిను అవసరము. పచ్చగడ్డిలోని కెరోటీనును గుఱ్ఱపు దేహము ఏ-విటమినుగా మార్చుకొనును. మిగిలినది కాలేయమున కొన్ని నెలలకు సరిపడునట్లు నిలువయుండును. అయితే గడ్డి ఎండి, వెలిసి, నిలువయున్న కొలది కెరోటీను నశించును. ఉలవలు బలమిచ్చును గాని ఈ లోటును తీర్పజాలవు. నెలల తరబడి పాతగడ్డి, ఉలవ గుగ్గిళ్ళతోనే కాలము గడపు గుఱ్ఱమునకు రేచీకటి కలుగవచ్చును. ప్రతిదినము కొంత పచ్చగడ్డి వేసినచో ఆ భయము లేదు.

ఈ సత్యము గుఱ్ఱములకే పరిమితమైనది కాదు. తార్నాకలో, విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఇది 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యునిచే కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరును పొందెను. ఆ కాలమున మన దేశమున పసిపిల్లలనేకులు ఏ-విటమిను లోపముచేత ముందు రేచీకటికి లోనై, పిమ్మట కన్నులు పొడిబారి, తుదకు కార్నియా కరగి గ్రుడ్డివారగుచుండిరి. డాక్టరు సి. గోపాలన్ నాయకత్వమున ఇక్కడి శాస్త్రజ్ఞులు ఈ సమస్యపై విశేషముగా కృషిచేసిరి. ఏ-విటమినును పెద్ద మోతాదుగా నోటిద్వారా ఇచ్చినచో కాలేయమున నిలువయుండి నెలల తరబడి బిడ్డను కాపాడునని నిరూపించిరి. దాని ఫలితముగా 1970లో జాతీయ కార్యక్రమము మొదలై, ఒకటినుండి అయిదేండ్ల వయసుగల పిల్లలకు ఆరునెలల కొకసారి 2 లక్షల యూనిట్ల మోతాదు ఇచ్చు పద్ధతి ఏర్పడెను. ఆకుకూరలలోని కెరోటీనును పిల్లల దేహము చక్కగా గ్రహించుననియు ఇక్కడివారే పరీక్షించి చూపిరి. తోటకూర, పాలకూర, మునగాకు, పొన్నగంటికూర అల్పమైన వెలకు లభించును. గుఱ్ఱమునకు పచ్చగడ్డి యెట్టిదో బిడ్డకు ఆకుకూర యట్టిది. వేలకొలది రూపాయల మందు మరల తేలేని చూపును, గుప్పెడు ఆకు పోకుండ నిలుపగలదు.

నిత్యసంరక్షణ కష్టమైనది కాదు. ప్రతి ఉదయమును గుఱ్ఱమును మంచి వెలుగులో నిలిపి, రెండు కన్నులను పోల్చి చూడవలెను. రెండు రెప్పలును సమముగా తెరచియున్నవా? పై రెప్ప వెండ్రుకలు ప్రక్కకు చాచియున్నవా, క్రిందికి వ్రాలినవా? వ్రాలినచో నొప్పికి గుర్తు. కన్ను తేటగా నున్నదా, నీలిపొగ క్రమ్మినదా? కారునది తేటనీరా, చీమా? ఈ పరీక్షకు పట్టునది నిమిషమైనను కాదు. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో, ముక్కువైపు మూలనుండి వెలుపలికి మెల్లగా తుడువవలెను. ఒక కంటిని తుడిచిన దూదితో రెండవ కంటిని తుడువరాదు.

కొట్టమున మూత్రము నిలిచినచో పుట్టు ఘాటైన ఆవిరి కన్నులను మండించును. కావున దినదినము శుభ్రపరుపవలెను. గడ్డిని దుమ్ము దులిపి, అవసరమైనచో నీరు చల్లి, తలకు దిగువ ఎత్తున వేయవలెను. గోడలలో మేకులు, తీగెల కొనలు మిగులనీయరాదు. ఈగల కాలమున నుదుటికి కుచ్చుల పట్టీ కట్టవలెను. అలంకారముగా కనుపించు ఆ కుచ్చుల అసలు ప్రయోజనమదియే. నీరు నిలువనీయక దోమలను, ధాన్యము చిందనీయక ఎలుకలను అరికట్టవలెను. ముఖముపై కొరడాను ఎన్నడును ఆడింపరాదు. కన్ను మూతపడినచో గుఱ్ఱమును నీడనుంచి, అది కంటిని రుద్దుకొనకుండ కాచి, ఆ దినమే పశువైద్యుని పిలువవలెను.

ఒకవేళ చూపు పోయినను గుఱ్ఱమును విడిచివేయనక్కరలేదు. తెలిసిన కొట్టము, మార్పులేని దారి, పిలుచు కంఠము ఉన్నచో గ్రుడ్డిగుఱ్ఱము కూడ నెమ్మదిగా జీవింపగలదు. ఆ జీవి మనుష్యుని స్వరమునే కన్నుగా చేసికొనును. కాని అంతవరకు రానీయకుండుటయే పోషకుని ధర్మము.

బాలబాలికలారా! ఇకముందు ఊరేగింపులో గుఱ్ఱము ఎదురైనపుడు దాని జరీ వస్త్రముతోపాటు కన్నును కూడ చూడుడు. ఒక కన్ను ముడుచుకొని, నీరు కారుచున్నట్లు తోచినచో దాని ప్రక్కన నడచు కాపరితో మర్యాదగా ఒక మాట చెప్పుడు. అతడు దీపముల సందడిలో దానిని గమనించి యుండకపోవచ్చును. అట్లే మీ ఇంటిలోని చిన్న తమ్ముడో చెల్లెలో సంధ్యవేళ తడబడుచు నడచినచో నవ్వక, పెద్దలకు చెప్పుడు. నోరు లేని జీవికిని, మాటలు రాని బిడ్డకును చూచి చెప్పువారే దిక్కు.

ప్రశ్నలు

1. గుఱ్ఱమునకు కనుపించని చోటులు ఏవి? దానిని ఏ ప్రక్కనుండి సమీపింపవలెను? ఎందుచేత?
2. ‘చంద్రాంధత్వము’ అను పేరు ఎట్లు వచ్చినది? నేటి విజ్ఞానము దానిని గూర్చి ఏమి చెప్పుచున్నది?
3. మిగిలిన మందుచుక్కలను గుఱ్ఱపు కంటిలో ఎందుకు వేయరాదు?
4. నీలికంటిని గూర్చిన అపోహ యెట్టిది? అసలు కారణమేమి?
5. గుఱ్ఱమునకు పచ్చగడ్డియు, బిడ్డకు ఆకుకూరయు ఏ విధముగా సమానములో మీ మాటలలో వ్రాయుడు.

కఠినపదములు

మిఱుమిట్లు గొల్పు = కన్నులు చెదరజేయు; మొరాయించు = ముందుకు నడువక ఎదురుతిరుగు; బయానా = ముందుగా పుచ్చుకొను సొమ్ము; రేచీకటి = మసక వెలుగున చూపు ఆనకుండుట; దిగదుడుపు = దృష్టి పోవుటకై చేయు తంతు; పుట్టకురుపు = క్యాన్సరు వ్రణము.